దా అంటే వచ్చే ఆవు

ఈ పొద్దున కలకత్తా న్యూ టౌన్‌లో మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర క్యాబ్ కోసం నిలబడ్డాను. కారు రెండు నిమిషాల దూరంలోనే ఉందని ఫోను పావుగంట నుంచి చెబుతోంది. ఇంతలో వాచ్‌మన్ రోడ్డవతలి కూరగాయల బండి అతన్ని పిలిచాడు, "దా... దా" అని బాగా సాగదీసి. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. అరవై ఆరేళ్ల మనిషిని, చేతిలో మందుల చీటీతో, అచ్చం ఆవు తిరిగినట్టు తిరిగాను. వాచ్‌మన్ కంగారుపడి, "ఏమైనా కావాలా మాసిమా" అని అడిగాడు. మాసిమా అంటే పిన్నిగారు. ఏమీ వద్దన్నాను. సంగతి చెప్పాలంటే ముందు మా ఆయన గురించి చెప్పాలి, తర్వాత ఆవు గురించి చెప్పాలి. ఆలోగా క్యాబ్ వచ్చేసింది.

మా ఆయన ఇక్కడి టికియాపారా రైల్వే క్వార్టర్సులో పుట్టి, అక్కడి కార్‌షెడ్‌లోనే ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వాళ్ల నాన్నగారు శ్రీకాకుళం నుంచి వెంట తెచ్చుకున్న తెలుగు ఈయన నోట్లో చెక్కుచెదరకుండా ఉండేది. పశువుల గురించి మాత్రం ఓనమాలు తెలియవు. అలాంటి మనిషి రాజర్‌హాట్ చివర, న్యూ టౌన్ మేడలు దూరంగా కనిపించే చోట కాస్త నేల కొని, రెండు గదుల ఇల్లు కట్టి, ఒకరోజు లారీలోంచి పుంగనూరు పెయ్యను దింపించారు. చిత్తూరు వైపు నుంచి మూడు రోజుల ప్రయాణం చేసి వచ్చింది. తెల్లటి ఒళ్లు, వెడల్పాటి నుదురు, నేలను తుడిచే తోక, ఎత్తు చూస్తే నా నడుం దాకా. "ఏటండీ ఇది, ఇంకా పెరుగుతాదా" అని అడిగాను. "పెరగదే. మనిద్దరికీ ఇది సరిపోద్ది" అన్నారు. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఏ ఉద్దేశంతో అన్నారో నేను అడగలేదు.

లారీ దిగిన రోజే చిక్కొచ్చిపడింది. మా ఆయన రా అంటే అది రాదు. రాయే అన్నా, బేగి రాయే అన్నా చెవి కూడా ఆడించదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "మా పక్క దా అంటామండి. దా... అని సాగదీసి పిలవండి, అదే వస్తుంది" అన్నాడు. నిజంగానే వచ్చింది. ఇక ఆ రోజు నుంచి ఉదయం, సాయంత్రం మా ఆయన "దా... దా..." వీధి చివరి దాకా వినపడేది. బెంగాలీలకు దాదా అంటే అన్నయ్య. వదినను బౌది అంటారు, పక్కింటావిడను కూడా అలాగే పిలుస్తారు. మా పక్కింటి బౌది వారం రోజులు ఓపిక పట్టి, చివరికి నన్ను మెల్లగా అడిగింది. "మీ ఆంధ్రాలో ఆవును అన్నయ్యా అని పిలుస్తారా?" నేను విడమరచి చెప్పేలోపే ఆవుకు ఆ పేరు ఖాయమైపోయింది. దాని జాతి ఆబోతు చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు, కాబట్టి అది ఈనిందీ లేదు, చుక్క పాలిచ్చిందీ లేదు. పైగా పేరు దాదా. మా ఆయన్ని కూడా వీధిలో అందరూ దాదా అనే అనేవారు. గేటు దగ్గర ఎవరైనా "ఓ దాదా" అంటే వరండాలో ఒక తల, కొట్టంలో ఒక తల ఒకేసారి లేచేవి.

ఎండునేల మీద బతికే జాతి అది. ఎండకు బెదరలేదు కానీ కలకత్తా చెమ్మ దానికి పడలేదు. ఆషాఢం వచ్చిందంటే కొట్టంలో నేల ఆరదు, గిట్టల మధ్య మెత్తబడి పుండ్లు పడేవి. మా ఆయన ఇటుకలు పేర్చి, పైన ఇసక పోసి మెరక చేశారు. రోజూ గిట్టలు కడిగి, పొడిగుడ్డతో ఒత్తి వేపనూనె రాసేవారు. నా మోకాళ్లకు ఆయన నూనె రాసిన రోజు ఒక్కటీ గుర్తులేదు. ఇక్కడ బిచాలి అనే వరిగడ్డి బూజు పట్టకుండా మా మంచం కిందకు చేరేది, దాంతోపాటు దోమలూ చేరేవి. పుష్యమాసపు పొగమంచుకు గోనెసంచులు కుట్టి కప్పేవారు. మేత వేళ సరిగ్గా ఆరు గంటల పది నిమిషాలు. అయిదు నిమిషాలు దాటితే, షెడ్డులో పై అధికారికి చెప్పుకున్నట్టు ఆవుకు సంజాయిషీ చెప్పుకునేవారు. ఫాల్గుణం చివర, కాలబైశాఖి గాలివానలు మొదలయ్యేలోపు, స్పానరు పట్టుకుని పైకెక్కి కొట్టం రేకుల బోల్టులు ఒక్కొక్కటే బిగించేవారు. "బోల్టుకి నోరుండదే. ఒదులైపోనానని అది చెప్పదు, మనమే ఎల్లి చూసుకోవాల" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఉన్నమాట చెబుతున్నాను, ఆ ఆవంటే నాకు అసూయ. రోజు మొత్తంలో ఆయన నాతో అనే మాటలకంటే దానితో అనేవే ఎక్కువ. అందుకే ఒక్కసారి కూడా దాన్ని నేను దా అని పిలవలేదు. గడ్డి పడేసి వచ్చేదాన్ని.

అలా ఆరేళ్లు గడిచాయి. ఒక పుష్యమాసం ఉదయం ఆయన ఆవు మీది గోనె సర్దివచ్చి, చలిగా ఉందని కాసేపు పడుకున్నారు. మరి లేవలేదు. వచ్చిన బంధువులు కర్మకాండ కాగానే వెళ్లిపోయారు. చూసుకుంటే ఆ వీధిలో తెలుగు తెలిసిన ప్రాణులం ఇద్దరమే మిగిలాం, నేనూ ఆవూ. ఇద్దరి మధ్యా మాటల్లేవు. అది మేత సగం వదిలేసేది. వీధిలో ఎవరో ఎవరినో దాదా అంటే తలెత్తేది. నేనూ ఎత్తేదాన్ని. కాసేపటికి ఇద్దరం దించుకునేవాళ్లం. పక్కటెముకలు తేలాక పశువుల డాక్టర్ని పిలిపించాను. జబ్బేమీ లేదనీ, ఇలాగే తినకపోతే వానాకాలం దాటదనీ చెప్పాడు. ఆయన అంత అపురూపంగా పెంచినది నా చేతుల్లో పోతుందేమోనని భయం పట్టుకుంది.

ఆ ఏడు బోల్టులు ఎవరూ బిగించలేదు. ఎవరూ ఏమిటి, నేనే బిగించలేదు, గుర్తే రాలేదు. చైత్రంలో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, చూస్తుండగానే గాలి లేచి, కొట్టం కప్పు రేకు పెద్ద చప్పుడుతో ఎగిరి ఇంటి వెనకాల చెరువులో పడింది. ఆవు బెదిరి పలుపు తెంపుకుని పారిపోయింది. వానలో వెతుక్కుంటూ వెళ్లాను. బౌది, వాళ్లాయన, టీ కొట్టతను కూడా గొడుగులు పట్టుకుని "దాదా, ఓ దాదా" అని కేకలేస్తూ వచ్చారు. చెరువు అంచున, మోకాళ్ల దాకా బురదలో నిలబడి కనిపించింది. వాళ్ల కేకకు తలెత్తింది కానీ కదలలేదు. టీ కొట్టతను దగ్గరికి పోబోతే ఇంకో అడుగు నీళ్లలోకి వేసింది. అది నడిచి రావాలంటే ఎలా పిలవాలో నాకు తెలుసు. దా అని సాగదీసి, చివర గొంతు కొంచెం దించాలి. వినకూడదనుకుంటూనే ఆరేళ్లు విన్నాను. పిలిచాను. వచ్చిన స్వరం నాది కాదు, అచ్చం ఆయనదే. ఆవు బురదలోంచి కాళ్లు లాక్కుంటూ నడిచి వచ్చింది. నా చెయ్యి వాసన చూసింది. తర్వాత నన్ను దాటి నా వెనక్కి చూసింది, ఆయన కోసం. చాలాసేపు చూసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ వెనక్కి తిరిగి చూశాను. అక్కడ గొడుగు పట్టుకుని బౌది ఒక్కతే ఉంది.

ఆ రోజు నుంచి పిలిస్తే తినేది. రెండు పూటలా పిలిచాను. కూర్చుంటే లేవలేని మోకాళ్లతో గిట్టలకు నూనె రాసి ఆ వానాకాలం గట్టెక్కించాను. మరుసటేడు నాలుగు రోజులపాటు ఇంట్లోకే నీళ్లొచ్చాయి. ఆవును వరండాలోకి ఎక్కించి, నేను కుర్చీలో కాళ్లు ముడుచుకుని దాని పక్కనే కూర్చున్నాను. నీళ్లు తీసేసరికి గిట్టలు మళ్లీ పుండ్లయ్యాయి. ఇక నా వల్ల కాదని అప్పుడు ఒప్పుకున్నాను. బౌది తమ్ముడికి పడమటి వైపు బాంకురాలో నీళ్లు నిలవని ఎర్రనేల ఉంది, పశువులున్నాయి. అతను వచ్చి తీసుకెళ్లాడు. బండి కదిలే ముందు దా అని ఎలా పిలవాలో అతనికి మూడుసార్లు పలికి చూపించాను. ఆ ఇల్లు అమ్మేసి ఈ తొమ్మిదో అంతస్తుకు వచ్చాను. ఇక్కడ నేల ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

నెలకోసారి అతనికి ఫోన్ చేస్తాను. మొదట్లో ఫోను ఆవు చెవి దగ్గర పెట్టేవాడు, నేను దా అనేదాన్ని. చెవులు నిక్కబొడుచుకుందని చెప్పేవాడు. పోయిన నెల సంతోషంగా అన్నాడు, "ఇప్పుడా కష్టం లేదు దీదీ. మా భాషలో ఆయ్ ఆయ్ అంటే చాలు, వచ్చేస్తోంది. మీ దాదా బెంగాలీ నేర్చేసుకుంది." గిట్టలు మానాయట, ఒళ్లు చేసిందట. నిజంగానే సంతోషించాను. ఫోను పెట్టేశాక ఏడ్చాను.

ఆవుకు మాట మార్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. నాకు ఎన్నేళ్లు పడుతుందో తెలియదు, ఈ పొద్దున గేటు దగ్గర ఇంకా ఆ పాత మాటకే తిరిగి చూశాను.