చాచా నడకను సరిచేశాను

పక్కింటి చాచా పోయారని గురజాల బస్సులో ఉండగా ఫోనొచ్చింది. దారిలోనే దిగి నరసరావుపేట తిరిగొచ్చాను. జనాజా వెంట నడిచానే గానీ నా ధ్యాసంతా ఇంట్లో ఉన్న హార్డ్‌డిస్కు మీదే. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆయన లారీ మెకానిక్కు. వీధిలో ఆటో స్టార్టయితే టీ తాగుతూనే దాని జబ్బు చెప్పేవారు. నేనేమో కంప్యూటర్లో మనుషుల్ని తయారుచేస్తాను. లారీ తోలడం నేర్చుకునేవాళ్ళ ముందుండే తెర మీద రోడ్డు దాటే మనుషులు. కీ నొక్కితే నడుస్తారు, వదిలితే ఆగుతారు. నావాళ్ళంతా గాల్లో తేలినట్టు నడిచేవారు. చాచా చూసి నవ్వారు.

"కొత్త బేరింగులాగా నడిచే మనిషిని నేనేడా చూళ్ళేదురా. కాస్త అరగాల."

అయితే మీరే నడవండి అన్నాను. వాళ్ళ డాబా మీద ఆయన నడుముకీ మోకాళ్ళకీ, నడకని కంప్యూటర్లోకి ఎక్కించే సెన్సార్లు కట్టాను. "ఏందిరా, నన్ను గంగిరెద్దుని చేశావు" అంటూనే, ఎప్పుడో లారీ కింద నలిగిన ఎడమకాలు ఈడ్చుకుంటూ సాయంత్రం దాకా నడిచారు. ఒక్కసారి విసుక్కోలేదు. ఆ ఓపికకి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

పని ఇచ్చినవాళ్ళకి ఆ కుంటడం తప్పులా కనబడింది. సరిచేసేశాను. చాచా తెర వంక చూసి, "ఈడెవడో బానే నడుస్తన్నాడు. నేనైతే కాదు" అన్నారు. మీ నడక విడిగా దాస్తాలెండి అన్నాను. దాచానో, దాని మీదే కొత్తది సేవ్ చేశానో గుర్తులేదు.

ఖననం అయిన సాయంత్రమే చాచీ కబురు పంపారు. ఆయన ఏనాడూ వీడియో తీయనివ్వలేదు, ఆ నడక ఒక్కసారి చూపించమని. రెండు రోజులు కుదురుగా అన్నం తినలేదు. తెరిచిన ఫోల్డరే మళ్ళీ మళ్ళీ తెరిచాను. మూడో రోజు దొరికింది. ప్రాణం లేచొచ్చింది.

భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్న చాచీ పరాయి మగాళ్ళ ముందుకి రారు. లాప్‌టాప్ పరదా పక్కన స్టూలు మీద పెట్టి కీ నొక్కాను. మొహం ఎవరో కుర్రాడిది, కాలు మాత్రం చాచాదే. పరదా వెనక ఏడుపు వినబడింది. కాసేపటికి అదీ ఆగింది.

"చానాసేపట్నుంచి నడుస్తన్నారు. మోకాలు నొప్పి పుడతది. కాస్త కూర్చోబెట్టు నాయనా."

కూర్చోబెట్టలేను. ఆ రోజు డాబా మీద నడిపించానే గానీ, ఒక్కసారి కూర్చోమనలేదు. కీ వదిలేశాను. చాచా బరువంతా కుడికాలి మీద వేసి, అలాగే నిలబడ్డారు.