పెదనాయన గీసిన మూడో అచ్చు

కడపలో కంటి ఆపరేషన్ చేసిన డాక్టరు మా పెదనాయనకు చూపు తెప్పించినాడు గానీ, ఆ చూపుతో ఏమేం చూడాల్సి వస్తుందో ముందుగా చెప్పలేదు. కట్టు విప్పిన రోజు ఆయన్ను ఆటోలో మా ఇంటికి తీసుకొస్తుంటే ఏడురోడ్ల దగ్గర బండి ఆగింది. ఎదురుగా మూడంతస్తుల ఎత్తున ఒక నాయకుని పుట్టినరోజు ఫ్లెక్సీ. పెదనాయన నల్ల కళ్ళద్దాలు పైకెత్తి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివినాడు. చదివి నెమ్మదిగా అడిగినాడు.

"పాపా, ఆ 'శుభాకాంక్షలు'లో క్షకు ఏమైంది? దెబ్బ తగిలినట్టుండాదే."

నేను రోడ్డుకు అవతలి వైపు చూసినాను. ఆ ఫ్లెక్సీ తయారైంది నా షాపులోనే.

నాది డీటీపీ సెంటరు. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేస్తాను. ఇరవై ఏండ్లుగా తెలుగు అక్షరాల మీదే బతుకుతున్నాను, ఒక్క అక్షరాన్నీ తేరిపార చూసిన పాపాన పోలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. వచ్చినవాళ్ళు కోరేది మూడే: పెద్దగా ఉండాల, లావుగా ఉండాల, ఎర్రగా ఉండాల. నాయకుని పేరైతే వీటికి తోడు బంగారు అంచు.

పెదనాయన సంగతి చెప్పాలి. మాది వేంపల్లె. ఇంటిల్లిపాదిదీ శనక్కాయల వ్యాపారం. ఈయన ఒక్కడే మద్రాసుకు పోయి, అచ్చు అక్షరాలు సీసంతో పోతపోసే ఫౌండ్రీలో చేరినాడు. ఒక్కో అక్షరాన్ని పళ్ళెమంత పెద్దగా, మందపాటి అట్ట మీద నల్ల ఇంకుతో గీయడం ఆయన పని. దాన్ని చూసి పనివాళ్ళు చిన్నగా చెక్కి, అచ్చు తయారు చేసేవాళ్ళు. ఊరికొచ్చినప్పుడు బంధువులు "ఏం చేస్తాండావప్పా" అని అడిగితే "అ, ఆ గీస్తాండా" అని ఉన్న మాట చెప్పేవాడు. నలభై ఏండ్లొచ్చినా మనిషి ఇంకా అ, ఆల దగ్గరే ఆగిపోయినాడని మావాళ్ళు శానా బాధపడినారు. ఆయన తల్లి, మా జేజి మాత్రం ఎవరడిగినా "ప్రెస్సులో పెద్ద ఉద్యోగం" అని చెప్పి పరువు కాపాడింది.

ఉద్యోగమంతా కలిపి ఆయన చేసింది మూడు అచ్చులు, అంటే అ నుంచి క్ష దాకా మూడు రకాల అక్షరాల వరసలు. మొదటిది పత్రికల కోసం. తక్కువ చోటులో ఎక్కువ వార్తలు పట్టాలని అందులో అక్షరాలన్నీ పొట్ట లోపలికి పీల్చుకొని నిలబడి ఉంటాయి. రెండోది బడి పుస్తకాల కోసం, పిల్లలు బెదరకుండా గుండ్రంగా చేసింది. మూడోది కొత్తది కాదు. వెనకటికి ఏదో ప్రెస్సు వాడిన పాత అచ్చు. దాని సీసం ఎప్పుడో కరిగించేసినారు. మిగిలిందల్లా ఆ అచ్చులో వేసిన చిరుగు పుస్తకం ఒకటి. దాన్ని ముందర పెట్టుకొని, ఇంకు అలికిన ఒక్కో అక్షరమూ అసలు ఎట్లుండిందో ఆలోచించి, పెదనాయన నాలుగేండ్లు మళ్ళా గీసినాడు. ఆయన గీయడం ముగిసేసరికి సీసం కాలమే ముగిసింది. కంప్యూటర్లు వచ్చినాయి, ఫౌండ్రీ మూతపడింది. యజమాని పెద్ద మనసు చేసుకొని ఆయన అట్టలు ఆయనకే ఇచ్చి పంపినాడు. చిత్తు కాగితాలవాడు వద్దన్నాకనే లెండి.

ఆపరేషన్ తర్వాత నెల రోజులు కండ్లకు పని చెప్పొద్దని డాక్టరు చెప్పింటే, పెదనాయన రెండో రోజే షాపులోకొచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను ఒక పెళ్ళి పత్రికకు అక్షరాల రకాలు ఒకటొకటే మార్చి చూస్తున్నాను.

"ఆగు" అన్నాడు. "ఆ మ పెద్దది చేయి."

చేసినాను. తెరంతా మ నిండింది.

"ఇది నాది."

"మ ఎవరు రాసినా మనే గదా పెదనాయనా. నీదని ఎట్ల చెప్తావు?"

ఆయన వేలితో మ పొట్ట కింద చిన్న నొక్కు చూపించినాడు. "గీసేటప్పుడు ఈడ కలం జారింది. సరిచేద్దామనుకునే లోపలే చెక్కేసినారు. అట్లే అచ్చుకు పోయింది."

కంప్యూటర్లో ఆ అక్షరాలకు ఎవరో ఆడపిల్ల పేరుంది. బడి పుస్తకం మీద పల్చటి కాగితం పెట్టి దించుకొని, సొంత బిడ్డకు పెట్టుకున్నట్టు పేరు పెట్టుకున్నారు ఆ పుణ్యాత్ములెవరో. నాకు ఒళ్ళు మండి, కేసు వేద్దామన్నాను. పెదనాయనకు మంటేమీ ఉన్నట్టు లేదు. నొక్కునే చూస్తున్నాడు.

"దీన్ని గూడా వదల్లేదు చూడు. శ్రద్ధ గల మనిషి" అన్నాడు.

పత్రిక కోసం వచ్చిన పెండ్లికూతురి తండ్రి తెర వైపు తొంగి చూసి, "ఈ అక్షరం వద్దుమ్మా, బడి పుస్తకం మాదిరి ఉండాది" అన్నాడు. పెదనాయన ముఖంలో ఆ రోజంతా నవ్వు పోలేదు. తిట్టించుకొని అంతగా మురిసిన మనిషిని నేను చూడలేదు.

ఆ నెలలో నాకు సుఖం లేకుండా పోయింది. ఫ్లెక్సీలో పక్కన ఖాళీ మిగిలితే అక్షరాలను అడ్డంగా సాగదీసి నింపడం మా వృత్తి ధర్మం. అది ఆయన కంట పడింది.

"మనిషిని ఇట్ల లాగితే పోలీసులు పట్టుకపోతారు పాపా."

"ఖాళీ ఉంటే వాళ్ళు ఒప్పుకోరు పెదనాయనా."

"ఖాళీకి వాళ్ళేమన్నా అద్దె కడతాండారా?"

ఆ ఫ్లెక్సీని సాగదీయకుండానే పంపినాను. వాళ్ళు ఖాళీ చోటులో ఇంకో నాయకుని ఫోటో పెట్టించుకొని సంతోషంగా పోయినారు.

మొదటి రెండు అచ్చులనూ లోకం అడక్కుండానే వాడుకుంటోంది. మూడోదాన్ని దొంగలు కూడా ముట్టలేదు. అది నాకెందుకో బాధనిపించింది. "దాన్ని మనమే కంప్యూటర్లోకి ఎక్కిద్దాం, అట్టలు యాడుండాయి?" అని అడిగినాను. వేంపల్లెలో తన మంచం కిందుండాయన్నాడు. ఆదివారం ఇద్దరం బస్సెక్కినాం.

మంచం కింద ఏమీ లేదు. పెదనాయన కోడలిని, అంటే మా వదినను, అడిగినాం.

"ఆ అట్టలా మామా? వంటింట్లో అరలకు పరిచినా. మందంగా, నున్నగా శానా బాగుండాయి."

ముగ్గురం కలిసి అరల్లోంచి డబ్బాలు దించినాం. కందిపప్పు కింద క, గ ఉన్నాయి. ఖ మీద నూనె సీసా గుండ్రంగా ముద్ర వేసింది. థ నిండా పసుపు. పెదనాయన ఒక్కోదాన్ని గుడ్డతో తుడిచి, గచ్చు మీద వరసగా పేర్చినాడు. చివరికి లెక్క చూస్తే ఏడు అక్షరాలు లేవు. అవి చిరిగిపోతే పారేసినానని వదిన చిన్న గొంతుతో చెప్పింది.

"ముందే చెప్పింటే దేవుని గూట్లో పెట్టిందును గదా మామా."

"ఆడ పెట్టింటే పసుపూ కుంకుమా ఇంకా ఎక్కువ పడేది" అన్నాడు పెదనాయన. "అరలే నయం. చెదలన్నా తినలేదు."

ఆయన కోపగించుకోలేదని వదినకు ఊపిరి వచ్చింది. జొన్న రొట్టెలు చేసి పెట్టి, అరలకు పాత పేపర్లు పరుచుకుంది. ఆ పేపర్లు పెదనాయన మొదటి అచ్చులాంటి దాంట్లోనే ఉన్నాయి. నేను గమనించినాను గానీ వదినకు చెప్పలేదు.

అట్టలూ, ఆయన దాచుకున్న చిరుగు పుస్తకమూ సంచిలో పెట్టుకొని కడపకు తిరిగొచ్చినాం. నెల పాటే ఉండాలని వచ్చిన ఆయన, పని ముగియడానికే ఎనిమిది నెలలు ఉండిపోయినాడు. అట్టలను స్కాన్ చేసి, అంచులెమ్మటి చుక్కలు పెట్టి, వాటిని గీతలుగా కలపాలి. ఈ విద్య నేను ఇంటర్నెట్ వీడియోల్లో నేర్చుకున్నాను. నేర్పించే దొరగారికి ఇరవై ఆరు అక్షరాలు. మధ్యాహ్నానికి ముగించేసి కాఫీ తాగమంటాడు. మనకు గుణింతాలూ ఒత్తులూ కలిపి వందలు. ఒక్క ర కింద ఏ ఒత్తు ఎంత దూరంలో కూర్చోవాలన్న దాని మీదే మా ఇద్దరికీ ఒక వారం మాటల్లేవు.

కష్టమల్లా ఆ పోయిన ఏడు అక్షరాల దగ్గర వచ్చింది. మొదట ఝ. పెదనాయన కొత్త అట్ట తెప్పించుకొని, చిరుగు పుస్తకం నా బల్ల మీద తెరిచి, కలం ఇంకులో ముంచి గీయబోయినాడు. చేయి వణికింది. ఇంకోసారి గీసినాడు, మళ్ళా వణికింది. ఆరు అట్టలు అట్లే పోయినాయి. ఏడోదాన్ని ముట్టకుండా కలం కడిగి పక్కన పెట్టి, వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. చూపు తిరిగొచ్చింది గదా అని ధైర్యం చేసినాడు. చేయి సంగతి ఆ డాక్టరు పరిధిలో లేదు.

"వణుకుదేముంది పెదనాయనా, కంప్యూటర్లో నున్నగా చేసేస్తా" అన్నాను. ఓదార్పు అనుకొని అన్నాను.

"వణుకు అది తీసేస్తుంది. యాడ వంచాలో దానికి తెలీదు గదా." కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. "అది నేను చెప్తా. నువ్వు గీయి."

ఆయన చెప్తుంటే నేను మౌసుతో గీసినాను. కొంచెం కిందికి. ఆగు. ఈడ ఊపిరి పీల్చుకున్నట్టు లావు కావాల. మళ్ళా సన్నం. పొద్దుగూకేసరికి ఒక ఝ వచ్చింది. దాన్ని తెరంతా నింపి చూసినాను. ఇరవై ఏండ్లలో అదే మొదటిసారి నేను ఒక అక్షరాన్ని చూడటం. మిగతా ఆరూ నెలన్నరలో అట్లే వచ్చినాయి.

పని అయిపోయిందని ఊళ్ళో ఒక సాంస్కృతిక సంఘానికి తెలిసింది. ముగ్గురు పెద్దమనుషులు వచ్చి సన్మానం చేస్తామన్నారు. వేదిక వెనక కట్టే ఫ్లెక్సీని పెదనాయన మూడో అచ్చులోనే కూర్చి, ఫైలు చేసి పంపినాను. ప్రింటుకు వాళ్ళు వేరే ఫ్లెక్సీ మనిషిని పెట్టుకున్నారు, అతని దగ్గర ఆ అక్షరాలు లేవు. నన్ను అడగడానికి బద్ధకమై, ఏదో పాత సాఫ్ట్‌వేర్లో తనే మళ్ళా టైపు చేసుకున్నాడు. సభకు పోయి చూస్తే ఒత్తులన్నీ ఊడి పక్కకొచ్చి నిలబడినాయి: "అక్ షర శిల్ పికి ఘన సన్ మానం".

దాని కింద కూర్చొని వక్తలు రెండు గంటలు తెలుగు లిపి సౌందర్యం గురించి మాట్లాడినారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. శాలువా కప్పి, మైకు పెదనాయనకిచ్చినారు.

"నేను గీసిన అక్షరం ఈడ ఒకటి గూడా లేదు" అన్నాడు ఆయన. "అయినా పిలిచినారు, సంతోషం. కాళ్ళు నొప్పిగా ఉండాయి, కూచుంటా."

చప్పట్లు బాగా కొట్టినారు. వినయం గురించి చెప్పినాడనుకున్నారు.

అక్షరాలను ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టినాం. నెలలు గడిచినా మా ఊళ్ళో ఎవరూ వాడింది లేదు. వచ్చినవాళ్ళకు నేనే చూపిస్తే, "ఇంకొంచెం లావు చేయమ్మా" అనేవాళ్ళు. అట్లుండగా ఒక రోజు కడప బండలు చెక్కే ఆయన షాపుకొచ్చినాడు. మిషనుతో రాళ్ళ మీద పేర్లు చెక్కుతాడంట.

"ఈ అక్షరాలు చేసింది మీరేనా అమ్మా? వేరేవి చెక్కితే సన్న గీతల దగ్గర రాయి పెచ్చులు లేస్తాండాది. వీటికి లేయడం లేదు. ఏం మాయ చేసినారు?"

పెదనాయన నవ్వినాడు. "మాయ లేదప్పా. చిరుగు పుస్తకంలో ఇంకు పాకి సన్న గీతలన్నీ లావైపోయినాయి. అసలు ఎంత సన్నముండిందో తెలీక, భయపడి కొంచెం మందం వదిలినా. అంతే."

రాతి పనాయన చెక్కింది ఎట్లుందో చూద్దామని మరుసటి రోజు ఇద్దరం బండల కొట్టుకు పోయినాం. దుమ్ములో గోడకు ఆనించి ఒక పెద్ద నల్ల రాయి ఉంది. బస్టాండు పక్కన కట్టబోయే మరుగుదొడ్లకు శంకుస్థాపన ఫలకం. పదకొండు మంది పెద్దల పేర్లు, ప్రతి పేరుకూ ముందర "గౌరవనీయులు". కట్టేదేమిటో అడుగున చిన్నగా ఉంది, అంతమంది గౌరవం మోసినాక రాయికి అంతే చోటు మిగిలింది. నాలుగేండ్లు గీసి, ముప్పై ఏండ్లలో మంచం కింద పడుండి, పప్పు డబ్బాలు మోసి, ఎనిమిది నెలలు నా ప్రాణం తీసిన అక్షరాలు, ఆఖరికి ఈ లోకంలో మొదటిసారి కాలు మోపింది అక్కడ.

నాకు సిగ్గనిపించి ఆయన వైపు చూసినాను. పెదనాయన రాయి ముందర గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలు అక్షరాల గుంటల్లో పెట్టి, ఒక్కో పేరూ తడుముకుంటూ పోయినాడు. ఆయన కండ్లల్లో నీళ్ళు చూసి రాతి దుమ్మేమో అనుకున్నాను. దుమ్మే అని ఆయనా అన్నాడు. చివరి వరుస దాకా పోయి, మళ్ళా పైకొచ్చి ఒక చోట వేలు ఆపినాడు.

"గౌ తల మీద ఈ కొస ముందుకు వాలుతాండాది. మనం చూసుకోలేదు పాపా."

"చెక్కేసినా గదా సార్" అన్నాడు రాతి పనాయన కంగారుగా. "రాయి మార్చాలంటే..."

"వద్దులే. ఈ పదకొండు మందీ అట్లే వాలి ఉండనీ. తర్వాత వచ్చేవాళ్ళను నిలబెడదాం."

మరుసటి రోజు మధ్యాహ్నానికి గౌ సరైంది. రాతి పనాయనకు కొత్త ఫైలు పంపినాను. ఆ వారమే పెదనాయన వేంపల్లె బస్సెక్కినాడు. పోయేటప్పుడు చిరుగు పుస్తకం నా బల్ల మీదే ఉంచి పోయినాడు.