చీర చూపించే మనిషి

కొత్త చీరల మూట విప్పగానే ఒక వాసన వస్తుంది. గంజి, రంగు, తేమ పట్టిన అట్టపెట్టెలు, అన్నీ కలిసి ముక్కు లోపలిదాకా పోయే వాసన. తిరువళ్ళూరు బస్టాండు వెనక సందులో నాకొక చిన్న చీరల అంగడి ఉంది. నిన్న పొద్దున అలాంటి మూట విప్పుతుండగా, నా దగ్గర పనిచేసే కవిత నవ్వుతూ వచ్చి ఫోన్ నా మొహం ముందు పెట్టింది. ఎవరో పాతికేళ్ళ అబ్బాయి. పట్టుచీర కట్టుకుని, పెదాలకు రంగేసుకుని, నడుము తిప్పుతూ నడుస్తున్నాడు. "చూడక్కా, ఎట్ల పోతాండాడో" అంది. కింద వేలకొద్దీ కామెంట్లు, సగం నవ్వులు, సగం బూతులు. "నీకు నవ్వు రాలేదా?" అని అడిగింది. రాలేదని చెప్పి మళ్ళీ మూట మీదికి వంగాను. ఆ అబ్బాయి నవ్వించడానికి కట్టాడో, ఇష్టపడి కట్టాడో నాకు తెలియదు. ఆ రెంటికీ తేడా ఉంటుందని నాకు తెలియజెప్పిన మనిషి పేరు మునిరత్నం. చీర మడత పెట్టడం నుంచి కొనేవాళ్ళ మనసు కనిపెట్టడం దాకా ఈ పనిలో నాకు వచ్చినదంతా ఆయన నేర్పిందే. అందుకు బదులుగా నేను ఆయనకు చేసింది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తిరుత్తణిలో కొండకు పోయే దారిలో ఉన్న ఒక చీరల అంగట్లో నేను పనికి చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది పల్లిపట్టు వైపు పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే రెండు భాషల్లోనూ నోరు పెగిలేది కాదు. మునిరత్నమన్న అక్కడ అందరికంటే పాత మనిషి. నలభై దాటిన వయసు, నల్లటి ఒళ్ళు, ఒత్తుగా దువ్విన మీసం. చీరల అంగళ్ళలో మగవాళ్ళు చీర కొంగును తమ భుజం మీద వేసుకుని చూపించడం అందరూ చూసిందే. కానీ ఆయన వేసుకునే తీరు వేరు. రెండు వేళ్ళతో కుచ్చిళ్ళు పట్టి, ఒక్కసారి విదిల్చి, పైట సర్దుకుని నిలబడితే ఆ చీర ఆయన కోసమే నేసినట్టు ఉండేది. పల్లెల నుంచి వచ్చిన ముసలమ్మలు "నీకే బాగుండాది నాయనా, నువ్వే కట్టుకో" అనేవాళ్ళు. ఆయన సిగ్గుపడి నవ్వేవాడు. అంగట్లో ఇంకెవరికీ అది వింతగా తోచేది కాదు.

నేను చేరిన నెలలోపే ఒక అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలు నల్లగా ఉంది. మామిడిపండు రంగు చీర మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేసుకుంది. "నీ రంగుకు అదా, బూడిద రంగు చూడు" అంది అత్త. ఆ అమ్మాయి తల దించుకుంది. మునిరత్నమన్న ఆ మామిడిపండు చీర తీసి తన భుజం మీద వేసుకుని, అద్దం ముందుకు పోయి నిలబడ్డాడు. "నేనూ నల్లనోడే గదమ్మా. నాకు బాగలేదా చెప్పు" అన్నాడు. అత్త కాసేపు చూసి "బాగానే ఉండాది" అని ఒప్పుకుంది. వాళ్ళు ఆ చీరే తీసుకుని పోయాక నాతో అన్నాడు: "చీరను చూడొద్దు పాపా. ఆయమ్మ చెయ్యి యాడ నిలిచిందో చూడు. నిలిచిన చోటు నుంచి చెయ్యి ఎందుకు తీసిందో అది కనిపెట్టు. మన పనంతా అదే." ఈరోజుకీ నా అంగడికి ఎవరు వచ్చినా నేను ముందుగా చూసేది వాళ్ళ చేతినే.

కరోనా వచ్చి అంగళ్ళు మూతపడ్డాయి. మా యజమానిని అందరం మొదలాళి అనేవాళ్ళం. ఆయన ఫోన్‌లో చీరలు అమ్మాలని ఆలోచన చేశాడు. ఎవరైనా చీర కట్టుకుని వీడియోలో నిలబడాలి. పనిచేసే ఆడపిల్లలం ఎవరమూ ఒప్పుకోలేదు. మొహం ఫోన్‌లో కనబడితే మా అన్న కాళ్ళు విరగ్గొడతాడని నేను చెప్పాను. అప్పుడు మునిరత్నమన్న "నేను నిలబడతా" అన్నాడు. అలా ఆయన ముందు, ఫోన్ పట్టుకుని నేను వెనక. మొదట కొంగు భుజం మీద వేసుకునే చూపించాడు. వారం తిరిగేసరికి ప్యాంటు చొక్కా మీదనే చీర పూర్తిగా కట్టాడు. నెల గడిచేసరికి గాజులు వచ్చాయి. ఒకరోజు మీసం తీసేసి వచ్చాడు. కళ్ళకు సన్నగా కాటుక. నేను అడగకముందే ఆయనే, కుచ్చిళ్ళు పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"చిన్నప్పటి నుంచీ ఇష్టం పాపా. యాడా చెప్పుకోలా. ఈ అంగట్లో పనికి చేరింది కూడా అందుకే."

"వసంతక్కకు తెలుసా అన్నా?" అన్నాను. వసంతక్క ఆయన భార్య.

"దానికి తెలీకుండా ఏముండాది. నేను ఆడదాన్ని కావాలని కాదు. వసంత మొగుణ్ణే, మొగుణ్ణిగానే పోతా. ఇది నాకు ఇష్టం, అంతే. దీనికి పేరేందని మాత్రం అడగొద్దు, నాకూ తెలీదు."

ఆ మాట తర్వాత నేను ఆయన్ను వీడియో తీసే పద్ధతి మారింది. అంతకుముందు చీరను తీసేదాన్ని. ఇప్పుడు ఆయన ఆనందం నాకు కనబడసాగింది. ఆర్డర్లు ఊత్తుకోట, చిత్తూరు, మద్రాసు దాకా పెరిగాయి. "అన్నా, మీలాగా కుచ్చిళ్ళు పెట్టడం నాకు నేర్పండి" అని ఆడవాళ్ళు రాసేవాళ్ళు. అవన్నీ ఆయనకు చదివి వినిపించేదాన్ని.

ఒకరోజు లైవ్ అయిపోయాక ఆయన మల్లెపూలు తలకు చుట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఫోన్ ఆపేశాననుకున్నాడు. నిజానికి ఆపబోయినదాన్ని, ఆపలేకపోయాను. ఆయన అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. పైట అంచును నోటికి అడ్డం పెట్టుకుని తనలో తానే సిగ్గుపడ్డాడు. ఎవరి కోసమూ కాని సిగ్గు అది. పట్టుమని పదిహేను క్షణాలు ఉండదు. అంత అందమైనది నేనింకేదీ తీయలేదు. ఆయనకు చెప్పకుండా దాచుకున్నాను.

ఇంతలో ఒక మీమ్ పేజీవాళ్ళు ఆయన లైవ్‌లో ఒక ముక్క కత్తిరించి, వెనక వెకిలి సంగీతం పెట్టి వదిలారు. తమిళంలోనూ తెలుగులోనూ రాయకూడని మాటలన్నీ కింద రాశారు. మునిరత్నమన్న కుంగిపోయాడు. మొదలాళి మాత్రం ఉబ్బిపోయాడు. "తిట్టనీ, నవ్వనీ, చూస్తాండారు గదా. ఈసారి ఒక పాటకు ఆడు మునిరత్నం, నడుము కాస్త ఊపు" అన్నాడు.

"నేను చీర చూపిస్తా మొదలాళీ. నన్ను చూపించను" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. ఆ అంగట్లో మొదలాళికి ఎదురు చెప్పడం నేను అంతవరకూ వినలేదు.

మరునాడు మొదలాళి నన్ను పిలిచి ఫోన్ అడిగాడు. "పనికిరానివని పక్కన పెట్టినవి ఉంటాయి గదా, నవ్వులూ తడబాట్లూ, అవి చూస్తా ఇయ్యి" అన్నాడు. అందులో ఆ అద్దం ముందరి వీడియో కూడా ఉందని నాకు తెలుసు. అది తీసేసి ఇవ్వడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం అడగడానికి నాకు నోరు రాలేదు. ఇవ్వనంటే పని పోతుందన్న భయం ఒకటి. ఇంకొకటి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది: నేను అంత బాగా తీశానని ఎవరైనా చూస్తే బాగుండునని లోపల ఎక్కడో ఉండింది. ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

మొదలాళి దాన్ని అంగడి పేజీలో పెట్టాడు, సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది. మూడో రోజుకు ఊళ్ళు దాటింది. ఒక్కొక్కరు ఒక్కొక్క పాట తగిలించారు. అంగడి తెరిచాక కాలేజీ పిల్లలు గుంపులుగా వచ్చి, కొనకుండా, ఆయన పక్కన నిలబడి ఫోటోలు దిగి, పైట నోటికి అడ్డం పెట్టుకున్నట్టు చేతులు పెట్టి నవ్వేవాళ్ళు. ఏటా ఆడికృత్తిక పండక్కి కొండమీది స్వామికి ఆయన కావడి మోసే జట్టు ఉండేది. వాళ్ళలో ఒకడు వచ్చి "ఈసారికి వద్దులేన్నా, పిలకాయలు నవ్వుతారు" అని చెప్పిపోయాడు. అవన్నీ ఆయన భరించాడు. ఒకనాడు ఆ మామిడిపండు చీర అమ్మాయి వచ్చింది, చెల్లెలితో. మునిరత్నమన్న మొహం వెలిగింది. ఒక చీర తీసి భుజానికి ఎత్తబోయాడు. ఆమె ఆయన్ను చూడకుండా నాతో అంది: "ఆయన వద్దు. మీరు చూపించండి." ఆయన ఆ చీరను నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి లోపలికి పోయాడు. నేను చూపించాను. వాళ్ళు రెండు తీసుకున్నారు.

నెల తిరక్కముందే మొదలాళి ఆయన్ను పిలిచి, కుటుంబాలు వచ్చే అంగడి, ఆడవాళ్ళు మొహమాటపడుతున్నారు, వేరే చోటు చూసుకొమ్మన్నాడు. పాట పెట్టి ఆడమన్న నోటితోనే. మునిరత్నమన్న టిఫిన్ క్యారియర్ తీసుకుని మెట్ల దగ్గర ఆగాడు.

"అది నీ ఫోన్‌లోది గదా పాపా."

"మొదలాళి అడిగినాడన్నా. ఇచ్చినా."

ఆయన తల ఊపాడు. "బాగా తీసినావు. నన్ను నేను యాడా అట్ల చూసుకోలా" అన్నాడు. కోప్పడి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని.

వారం తర్వాత క్షమించమని అడగడానికి వాళ్ళింటికి పోయాను. వసంతక్క గడపలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. "ఆయన అట్లని నాకు తెలుసు. పద్దెనిమిదేండ్లుగా తెలుసు. దాంతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు. మా ఇంట్లో ఉన్నిందాన్ని నువ్వు తీసకపోయి వీధిలో పెట్టినావు" అంది. తలుపు గట్టిగా కూడా వేయలేదు. మెల్లగా, ఎవరికీ వినబడకుండా వేసింది.

ఆ అంగడి ఇప్పుడు మూడంతస్తులు. వాళ్ళ పేజీలో ఇప్పుడు జీతానికి పెట్టుకున్న ఒక కుర్రాడు చీర కట్టుకుని ఆడుతుంటాడు. నవ్వడానికి కావలసినంత మందిని మొదలాళి సంపాదించుకున్నాడు. నేను రెండేళ్ళు అక్కడే పనిచేసి, ఆ తర్వాత బయటికి వచ్చి ఇక్కడ అంగడి పెట్టుకున్నాను. రెండేళ్ళు ఎందుకు ఉన్నానని ఎవరూ అడగలేదు. 

పోయిన ఏడాది తిరుత్తణి బస్సులో ఆయన్ను చూశాను. మీసం మళ్ళీ పెరిగింది, సగం తెల్లబడింది. పల్లిపట్టు దగ్గర లుంగీలు నేసే షెడ్డులో మూటలు కట్టే పనిలో ఉన్నాడట. పక్క సీటు ఖాళీ అయితే వచ్చి కూర్చున్నాడు.

"అంగడి పెట్టినావంట. బాగుండాదా?"

"బాగుండాదన్నా. ఒక దినం రా. నాకు నీ అట్ల చూపించేవాళ్ళు కావాల."

"వద్దు పాపా. నీకు మంచిది కాదు."  ఆ తర్వాత అడిగాడు: "ఆ వీడియో ఉండాదా నీ దగ్గర? పాట లేకుండా, నువ్వు తీసిందే."

లేదని చెప్పాలనుకున్నాను. ఉందన్నాను. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, అరచెయ్యి అడ్డం పెట్టి, ఎవరికీ కనబడకుండా చివరిదాకా చూశాడు. ఇంకోసారి చూశాడు. తిరిగి ఇస్తూ "తుడిచేయి పాపా" అన్నాడు. సరేనన్నాను. తన స్టాపు వస్తే దిగిపోయాడు, వెనక్కి చూడలేదు.

తుడిచేయలేదు. ఎన్నోసార్లు వేలు దానిదాకా పోయి ఆగింది. పాటలు తగిలించినవి వందల్లో తిరుగుతున్నాయి. వాటిని నేనేమీ చేయలేను. ఇదొక్కటీ పోతే ఆయన సిగ్గు ఎలా ఉండేదో చెప్పడానికి లోకంలో ఇంకేమీ మిగలదని నాకు నేను చెప్పుకుంటాను. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆయన నోరు తెరిచి నన్ను అడిగింది ఒక్కటే, అది కూడా నేను చేయలేదు. దాచుకున్నది ప్రేమ వల్లనో, మొదటిసారి చేసిన తప్పునే మళ్ళీ చేస్తున్నానో ఇన్నాళ్ళయినా నాకు తేలలేదు.