ముత్యాలు వాడని కార్డు

మలేషియాలో సుంగై పెటాని బస్‌స్టాండ్ వెనక ముత్యాలుది తోసై అంగడి; దోసెని అక్కడ తోసై అంటారు. భర్త పోయాక ఆ పెనాన్నే నమ్ముకుని కూతురు విజయరాణిని పెంచింది. నవ్వుతూ, తిడుతూ వడ్డిస్తుంది. కుడి డొక్కలో నొప్పి లేచినప్పుడు మాత్రం పిండి కలిపే వంకతో వెనక్కి తిరిగి, బల్ల అంచు పట్టుకుని నిలబడుతుంది. తగ్గాక జీలకర్ర నీళ్లు తాగి మళ్లీ పెనం దగ్గరికి వస్తుంది.

అలాగని మెడికల్ కార్డు లేక కాదు. ఇన్సూరెన్సు ఏజెంటు లోగేశ్వరన్ ఎప్పుడో తల్లీకూతుళ్లిద్దరికీ ఇప్పించాడు. ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే చాలు, బిల్లు కంపెనీ కడుతుంది. ముత్యాలు ఒక్కసారీ చూపించలేదు. మోటార్ సైకిల్ ఇన్సూరెన్సులో క్లెయిమ్ చేయకపోతే ఏటేటా తగ్గింపు ఇస్తారు కదా, ఇదీ అంతేననుకుంది.

ఒక ఉదయం లోగేశ్వరన్ వచ్చి, వచ్చే నెల నుంచి ప్రీమియం బాగా పెరుగుతుందని చెప్పాడు.

"నాకేటికి పెరుగుతాది తంబీ? ఒక్కపాలి కూడా కార్డు ముట్టుకోనేదు!"

"అయ్యో అక్కా, ఇది మోటార్ ఇన్సూరెన్సు కాదు! అందరి బిల్లులూ కలిపి ధర వేస్తారు. కొన్ని దేశాల్లో మరీ పెద్ద బిల్లుల్లో కొంత గవర్నమెంటే మోస్తుంది, మిగతావాళ్లకి ధర తగ్గుతుంది. మనకి అది లేదు."

ముత్యాలు గరిటె కింద పెట్టేసింది. "అయితే నానిన్నాళ్లు నొప్పి ఓర్సుకున్నది ఎవుళి కోసం?"

ఫ్యాక్టరీకి బయలుదేరుతున్న విజయరాణి ఆగిపోయింది. "ఏ నొప్పమ్మా?"

"ఏటీ నేదు. గ్యాసు."

"గ్యాసుకి మొకం అలాగ పాలిపోతాదా? సూడు, సెమటలు!" లోగేశ్వరన్ వైపు తిరిగింది. "అన్నా, నా కార్డు ఆపీ. అమ్మది కడతాను."

"వద్దమ్మా. నీలాంటి జబ్బు లేనివాళ్లు పోతే మిగిలినవాళ్లకి ఇంకా పెరుగుతుంది."

"రెండూ కట్టలేను. మరేటి సెయ్యమంటావు?"



"నాదే ఆపీ తంబీ," అంది ముత్యాలు. "అది సిన్నపిల్ల."

"ఇప్పుడు ఆపితే, ఈ నొప్పితో మళ్లీ ఎవరూ కార్డు ఇవ్వరు అక్కా."

"అయితే నాదే ఆపీ అన్నా," అని విజయరాణి స్టవ్ కట్టేసింది. తినడానికి కూర్చున్నవాళ్లకి దండం పెట్టి, ఆసుపత్రికని తల్లిని లోగేశ్వరన్ కారెక్కించింది.

దారంతా ముత్యాలు ఒకటే మాట. "మరి నీకేటైనా వస్తే?"

"నాకేటొస్తాదమ్మా? ఏటీ రాదు."

లోగేశ్వరన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.