గెటౌట్ అంటే

హెర్న్‌డన్ ఊరి లైబ్రరీ ఇంగ్లిష్ క్లాసులో నా పక్కన కూర్చునే చైనా ఆంటీకి ‘గెట్’ అంటే మహా కోపం. "మా భాషలో ఒక్కో పనికీ ఒక్కో మాట. ఇదేమో అన్నిట్లోనూ దూరుతుంది!" అంటూ, కొత్త అర్థం తెలిసినప్పుడల్లా బల్ల చరిచేది.

ఒకరోజు పరుగున వచ్చి, "ఐ గాట్ జాబ్! బేకరీలో!" అని అరిచింది. అమెరికాలో ఆవిడకదే మొదటి ఉద్యోగం.

మా టీచరమ్మ సంతోషం పట్టలేక, "గెటౌట్!" అని కేకేసింది.

ఆంటీ మొహం వాడిపోయింది. బ్యాగు తీసుకుని తలుపు వైపు నడిచింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"పొమ్మని కాదు ఆంటీ! ‘నిజమా, నమ్మలేకపోతున్నా’ అని!"

టీచరమ్మ కంగారుగా తలూపింది. ఆంటీ వెనక్కొచ్చి, ఆవిడ ఎదురుగా నిటారుగా నిలబడింది.

"ఇంకోసారి అనండి."

ఈసారి క్లాసు క్లాసంతా అరిచాం.