ఖాళీ బోను

ఇన్నేళ్ళూ ఈ సంగతి రాయలేదంటే నాకు అక్షరాలు రాకపోవడమే కారణం. మనవరాలి పలక మీద దిద్దుకుని ఈమధ్యే నేర్చుకున్నాను. దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. ప్లేగుకు భయపడి మా మండికల్లు జనమంతా చేలల్లో గుడిసెలు వేసుకున్నప్పుడు, ఖాళీ ఇళ్ళ మధ్య ఒంటరిగా తిరిగినదాన్ని.

యుద్ధం రోజుల్లో చిక్కబళ్ళాపురంలో ప్లేగు పరీక్షలు చేసే ఆఫీసు ఒకటుండేది. ఆ పరీక్షల కోసం తెల్ల ఎలుకలను పెంచేవారు. వాటికి మేత వేయడం, బోనులు కడగడం నా పని. ఎలుకను ఎత్తాలంటే కడుపు కింద అరచెయ్యి పెట్టాలి. తోక కొస పట్టి లాగితే తోలు ఊడి వస్తుంది. మొదటిరోజే డాక్టరుగారు ఈ మాట చెప్పారు.

ఆఫీసు జవాను వెంకటప్పకూ ఈ సంగతి తెలుసు. అయినా నన్ను ఏడిపించడానికి ఒకరోజు చూలు ఎలుకను తోక కొస పట్టి గిరగిరా తిప్పాడు. తోలు తొడుగులా ఊడి అతని వేళ్ళలో మిగిలింది. ఎలుక నేలకు కొట్టుకుంది. కాసేపటికి కడుపులోని పిల్లలతో సహా చచ్చిపోయింది.

"దాని ఉసురు నీకు తగలకుండా పోతాదా అప్పా?" అన్నాను.

"ఎలుక ఉసురు తగిలేదైతే మా ఇంటి పిల్లి ఎప్పుడో సచ్చుండాల కదమ్మా!" అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి వేలు కూడా అట్లే ఊడాలని మనసారా కోరుకున్నాను.

చచ్చిన ఎలుక ఉండిన బోనును బూడిదతో తోమి, వేడినీళ్ళు పోసి, ఎండలో ఆరబెట్టాను. మరునాడు పట్టపగలు, అందరి ఎదుటా, వెంకటప్ప గడ్డి పరవడానికి అందులో చెయ్యి పెట్టి కెవ్వున అరిచాడు. చెయ్యి బయటికి లాగేసరికి చూపుడువేలికి తోలు లేదు. గోరుతో సహా ఊడిపోయింది.

డాక్టరుగారు బోనును తలకిందులు చేసి చూశారు. కమ్మీలన్నీ నేనే తడిమాను. గీరుకునే తీగముక్క కూడా లేదు. ఊడిన తోలు కూడా ఎక్కడా కనబడలేదు.

సాయంత్రానికి చెయ్యంతా వాచింది. వెంకటప్ప వచ్చి నా ముందు చతికిలబడ్డాడు.

"లోపల ఏదో పట్టుకొని గుంజినాదమ్మా. నువ్వు సాకినదానివి, నీ మాట ఇంటాది. నన్ను ఇడిసిపెట్టమని చెప్పమ్మా."

"మీ పిల్లితో చెప్పించుకో పోప్పా," అన్నాను.

ఆ బోనులో ఏముండిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినవారెవరూ నాకు తటస్థపడలేదు.

మరుసటి ఉదయం అన్ని ఎలుకలకూ వేసినట్టే ఆ ఖాళీ బోనులోనూ గుప్పెడు నానిన శనగలు వేశాను. వెంకటప్పను విడిచిపెట్టమని మాత్రం అడగలేదు.