మైకువాడి మీద పడిన శాలువా

ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు. మా నరసరావుపేట సేవా క్లబ్బు మొన్న వార్షికోత్సవానికి రంగుల సంచిక ఒకటి వేసింది. క్లబ్బుతో తమ అనుభవాలు రాయమని సభ్యుల్ని అడిగారు, సభ్యుల భార్యల్ని అడిగారు, వారం వారం టిఫిను పంపే హోటలాయన్ని కూడా అడిగారు (ఆయన రెండు పేజీలు రాశాడు, అందులో ఒకటిన్నర పేజీ పెసరట్టు గురించే). నన్ను మాత్రం అడగలేదు. సంచిక మధ్యలో ఎప్పుడో పెట్టిన కంటి శిబిరం ఫొటో వేశారు. దాని ఎడమ అంచున ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక మైకు కనిపిస్తాయి. మోచేతి దగ్గర చెయ్యి తెగిపోతుంది. ఆ చెయ్యి నాది. మిగతా నేను ఏమయ్యానని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి, అడగకపోయినా చెబుతున్నాను.

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కాదు, ఏడెనిమిదేళ్ళ కిందట, నాకు మంగళవారం, అంటే క్లబ్బు సభ జరిగే రోజు, ఒక పండగ. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరరుగా కొత్తగా చేరాను. జీతం చిన్నది, గొంతు పెద్దది. నాకు చేరాలని కోరిక ఉన్నది మాత్రం ఆ సేవా క్లబ్బులో. కారణం సేవ కాదు, దాచడమెందుకు? సభ్యులు చొక్కా జేబు మీద పెట్టుకునే గుండ్రటి ఇత్తడి బిళ్ళ. అది పెట్టుకున్నవాణ్ణి ఆస్పత్రిలో, కోర్టు దగ్గర, ఆఖరికి బస్టాండులో కూడా జనం ఒక చూపు ఎక్కువ చూసేవాళ్ళు. మా అక్క భర్తకి ఎరువుల కొట్టు ఉంది, ఆయన అప్పటికే సభ్యుడు. నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది ఆయనే. "ఒరేయ్ బామ్మర్దీ, క్లబ్బులోకొస్తే నలుగురు పెద్దమనుషులు తెలుస్తార్రా. ఇప్పుడు నీకు తెలిసినోళ్ళంతా ఇంటరు తప్పినోళ్ళే గదా" అన్నాడు. మూడు వారాలు అతిథిగా వచ్చి కూర్చున్నవాణ్ణి నాలుగో వారం సభ్యుడిగా తీసుకోవడం ఆ క్లబ్బు పద్ధతి. నేను ఎండాకాలం మొదట్లో వెళ్ళడం మొదలుపెడితే, వానలు పడినా నా నాలుగో వారం మాత్రం రాలేదు.

ఆ క్లబ్బు ప్రెసిడెంటు పత్తి వ్యాపారి. ఆయన్ని నేను మనసులో గంటాయన అనుకునేవాణ్ణి. సభ మొదలుపెట్టడానికి బల్ల మీద ఒక ఇత్తడి గంట ఉండేది. దాన్ని ఆయన మొదలుపెట్టడానికీ, ముగించడానికీ, ఎవరైనా తనకి నచ్చని మాట అంటే వాళ్ళ నోరు మూయించడానికీ కొట్టేవాడు. సెక్రటరీ రిటైరైన ఇంజనీరు. ఏ సంగతి ఎత్తినా "అది వచ్చేవారం చూద్దాం" అనేవాడు కాబట్టి ఆయన నాకు వచ్చేవారం సారు. గంట మోగాక ప్రార్థన, తర్వాత పోయినవారం జరిగినవి చదవడం (పోయినవారం జరిగింది ముఖ్యంగా అంతకుముందు వారంవి చదవడమే), తర్వాత టిఫిను. ఈ మధ్యలో సేవ అనే మాట చానాసార్లు వినపడేది. కుర్చీలు వేసేది నేను, తీసేది నేను, మైకు బిగించేది నేను. నా గొంతు బాగుందని గంటాయనే ఒకరోజు మైకు నా చేతికిచ్చాడు. "ఇంక మనోడే" అని మా బావ నా వీపు తట్టాడు. ఆ రాత్రి నేను జేబు మీద బిళ్ళ ఎక్కడ పెట్టాలో అద్దంలో చూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద జాలి.

అప్పుడే వెల్దుర్తి అవతల ఒక పల్లెలో ఉచిత కంటి శిబిరం పెట్టారు. అది ముగిశాక వచ్చే మంగళవారం నాకు బిళ్ళ తగిలిస్తారని గంటాయన అందరి ముందూ మాటిచ్చాడు. శిబిరానికి ముఖ్య అతిథి ఇలాంటి క్లబ్బులన్నిటికీ పైన ఉండే పెద్దాయన. వచ్చే ఏడాది ఎవరికి ఏ పై పదవి ఇవ్వాలో ఆయన చేతిలో ఉంటుంది. గంటాయన దృష్టి శిబిరం మీద కంటే ఆయన మీద ఎక్కువ ఉండటం అందుకే. ఊళ్ళో అందరికంటే పెద్దావిడ చేత ఆయనకి శాలువా కప్పించాలనీ, ఆ ఫొటో పెద్దది చేయించి క్లబ్బు గోడకి తగిలించాలనీ గంటాయన ముందే అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే కుర్చీలతో, మైకుతో పాటు నేనూ వ్యాన్లో వెళ్ళాను. గుంటూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. మధ్యాహ్నం తిరిగి వెళ్ళిపోవాలని, సాయంత్రం ఆస్పత్రిలో ఆపరేషన్లున్నాయని రాగానే చెప్పింది. బడి వరండాలో ముసలాళ్ళని రెండు వరసల్లో కూర్చోబెట్టాం. మంచినీళ్ళు ఎక్కడున్నాయో, నీడ ఎటుందో, ఎవరు ఎవరి తర్వాతో నేను మైకులో చెబుతూనే ఉన్నాను. ముఖ్య అతిథి జాడ లేదు. గంటాయన ఫోనులో "మాచర్ల దాటారంట", "దాటలేదంట, టిఫిను చేస్తన్నారంట" అని మాకు వార్తలు చదువుతున్నాడు. డాక్టరమ్మ విసిగి, "చుక్కలు వేసి కొంచెంసేపు ఆగితేగానీ నేను లోపల చూడలేను. వేసేస్తున్నాను" అంది. "వేసెయ్యండి మేడం, చుక్కలకీ మా సభకీ ఏం సంబంధం?" అన్నాడు గంటాయన. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి. జరిగినదానికి కారణం ఈ మాటే, నేను కాదు.

కళ్ళు పెద్దవయ్యే చుక్కలవి. వేశాక కాసేపటికి ఎదుటి మనిషి మొహం మసకవుతుంది, వెలుతురు చూస్తే కళ్ళు మండుతాయి. సరిగ్గా అందరికీ మసకలు కమ్మిన వేళకి కారొచ్చింది. ముందు పరీక్షలు కానిద్దామని డాక్టరమ్మ అంది. గంటాయన వినలేదు, సభ తర్వాతే అన్నాడు. నీడలో ఉన్న ముసలాళ్ళందరినీ ఎండ కొట్టే షామియానా కిందికి తరలించాం. కూర్చోగానే మగవాళ్ళు తువ్వాళ్ళూ ఆడవాళ్ళు కొంగులూ మొహాల మీదికి లాక్కున్నారు. ముఖ్య అతిథి వేదిక ఎక్కి చూస్తే ఎదురుగా అన్నీ ముసుగులే. "ఏమయ్యా, ఇక్కడెవరైనా పోయారా?" అన్నాడు. గంటాయన కంగారుగా కిందికి దిగి, ముందు వరసలో ఎర్రచీర కట్టుకున్న అవ్వ దగ్గరికెళ్ళి, "ముసుగు తియ్యమ్మా, పెద్దసారొచ్చారు" అన్నాడు.

"వస్తే రానియ్యి నాయనా, నాకు కనపడితే గదా" అంది అవ్వ.

ఉపన్యాసాలు మూడు జరిగాయి. మూడూ చూపు గొప్పతనం గురించే. డాక్టరమ్మ మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటోంది. చివరికి శాలువా వంతు వచ్చింది. ఆ ఎర్రచీర అవ్వే ఊళ్ళో పెద్దావిడ. ఎవరో ఆమెని వేదిక ఎక్కించి చేతిలో శాలువా పెట్టారు. ముఖ్య అతిథి తల వంచి, మెడ ముందుకు చాపి సిద్ధంగా నిలబడ్డాడు. నేను ఒక పక్కన మైకు పట్టుకుని, "ఇప్పుడు మన పెద్దావిడ చేతుల మీదుగా ఘన సన్మానం! రండి అవ్వా, ఇటు రండి, ఇంకొంచెం ముందుకు, మెల్లగా" అంటున్నాను. ఆమెకి మనుషులంతా మసక. గొంతు ఒక్కటే తేట. పొద్దుటి నుంచీ ఏ గొంతు వెంట నడిచిందో ఆ గొంతు వెంటే నడిచింది. వచ్చి, శాలువా నా భుజాల మీద కప్పి, నా రెండు చెంపలూ పట్టుకుంది.

"సల్లగా ఉండు నాయనా. పొద్దుగాల నుంచి మంచీ సెడ్డా అడిగింది నువ్వే గదా. అందరికంటే పెద్దసారువి నువ్వేనని నాకు తెలుసులే!"

మైకు నా చేతిలోనే ఉంది కాబట్టి ఈ మాట ఊరంతా వినపడింది. ఎదురుగా ఉన్నవాళ్ళకీ ఏమీ కనపడదు కదా, పెద్దసారు అని వినపడగానే అందరూ చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి మాత్రం వంచిన తల వంచినట్టే ఉంచి, పక్క చూపు చూస్తున్నాడు. "తియ్యి, తియ్యి!" అని గంటాయన పళ్ళ మధ్య నుంచి అంటున్నాడు. నేను తీయబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుని, "తియ్యమాక, నేను కప్పింది" అంది. ఆఖరికి ఇద్దరు సభ్యులు నా మీద నుంచి దాన్ని లాగి, ముఖ్య అతిథికి కప్పి, అవ్వని పక్కన నిలబెట్టి మళ్ళీ ఫొటో తీయించారు. సంచికలో ఉన్నది ఆ రెండో ఫొటో.

ఈ తతంగం అంతా అయ్యేసరికి డాక్టరమ్మ వెళ్ళే వేళ అయింది. ముందు వరసని మాత్రం గబగబా చూసి, ఆపరేషను కావలసినవాళ్ళకి గుంటూరు రమ్మని చెప్పి కారెక్కింది. వెనక వరస అలాగే కూర్చుని ఉంది. గంటాయన నా వంక చూడకుండానే, "వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామని మైకులో చెప్పు" అన్నాడు. చెప్పాను. నా గొంతుతోనే చెప్పాను. "వెనక వరసవాళ్ళు దిగులు పడొద్దు, వచ్చే ఆదివారం బండి వస్తుంది, ఇదే బడి దగ్గర" అని రెండుసార్లు చెప్పాను. వాళ్ళు నమ్మి లేచి వెళ్ళారు.

మంగళవారం వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. గంట మోగింది. శిబిరం దిగ్విజయమైందని ఒకరినొకరు అభినందించుకున్నారు. కొత్త సభ్యుడి సంగతి ఎవరో ఎత్తితే గంటాయన, "కొంతమందికి సేవ కంటే శాలువాల మీద ధ్యాస ఎక్కువ" అన్నాడు. అందరూ నా వంక చూశారు, మా బావ పెసరట్టు వంక చూశాడు. అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే బిళ్ళ ఆ వారం కాకపోయినా మరో వారం వచ్చేదని బావ ఇప్పటికీ అంటాడు. నేను లేచి, "సార్, ఆదివారం వెనక వరసవాళ్ళ కోసం బండి ఎన్నింటికి?" అని అడిగాను.

"అది వచ్చేవారం చూద్దాం" అన్నాడు సెక్రటరీ.

"మరి నా సభ్యత్వం, సార్?"

"అదీ వచ్చేవారమే."

గంట మోగింది. ఆ పై మంగళవారం వెళితే నాకు కుర్చీ లేదు (కుర్చీలు వేసేవాణ్ణి నేనే కదా, నేను వెళ్ళేసరికే వేసేశారు, ఒకటి తక్కువగా). బావ మెట్ల మీద నన్ను పట్టుకున్నాడు.

"ఒక్క మాట సారీ అనరా, పోద్ది."

"నేనేం తప్పు చేశాను బావా?"

"ఏందిరా నీ గోల? తప్పు చేసినోళ్ళే సారీ చెప్తే క్లబ్బులు నడుస్తయ్యా?"

చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు, చెప్పను.

కొన్ని వారాలు చూసి, ఒక ఆదివారం నేనే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. ముందు ఎర్రచీర అవ్వే కనపడింది. గుంటూరులో ఆపరేషను అయిందట, నల్లకళ్ళజోడు పెట్టుకుని ఉంది. పలకరించగానే గొంతు గుర్తుపట్టి నన్ను కిందా మీదా చూసింది. "నువ్వా మైకు నాయనవి? ఆ గొంతు ఇని నిలువెత్తు మనిషివనుకున్నానే, ఇంత బక్కోడివా!" అని నవ్వింది. నవ్వుతూనే బడి వైపు చెయ్యి చూపింది. "మా వదిన వెనక వరసలో ఉండె గదా. ఆదివారం ఆదివారం తలంటుకుని ఆడ కూకుంటది. ఎందుకే అంటే, మైకులో చెప్పారు గదా అంటది."

బడి అరుగు మీద ఒక ముసలామె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. దగ్గరికెళ్ళి "అవ్వా" అన్నాను. ఆమె చప్పున లేచి నిలబడింది. "వచ్చారా? బండి యాడ?" అంది.

బండి లేదని చెప్పాను. బస్సులో నాతో రమ్మన్నాను. కొడుకుని కూడా వెంటబెట్టుకుని ఆమెని నరసరావుపేట తీసుకొచ్చి ఆస్పత్రిలో చేర్పించాను, చూపొచ్చింది. అయితే దారి పొడుగునా ఆమె నన్ను ఒకటే అడిగింది. "నన్నొక్కదాన్నే తీసకపోతే ఎట్టా నాయనా? ఎనక వరసలో ఇంకా ఉన్నారుగా. ఆళ్ళనెప్పుడు?" బస్సు శబ్దంలో వినపడనట్టు కూర్చున్నాను. అంత పెద్ద గొంతు ఉన్నవాణ్ణి.

ఆమె అడిగినదానికి జవాబు కోసమే ఇన్నేళ్ళుగా క్లబ్బుని అడుగుతున్నాను. గంటాయన దిగిపోయాడు, ఆయన తర్వాత నలుగురు ప్రెసిడెంట్లు మారారు. ప్రతి ఒక్కరికీ చెప్పాను. బిళ్ళ కోసం వెంటపడుతున్నాడని అనుకున్నారు. నిజం చెప్పాలంటే బిళ్ళ మీద ఆశ కూడా పోలేదు. ఇంకొక నిజం కూడా ఉంది. ఆ రోజు వేదిక మీద శాలువా పడ్డప్పుడు, దాన్ని లాగేసుకోక ముందు ఒక్క క్షణం ఆ కుర్రాడు చానా సంతోషపడ్డాడు. వాడి బుగ్గల మీద ఆ అవ్వ చేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. పిచ్చివాడు, తనకి దక్కాల్సినదే దక్కిందనుకున్నాడు. అనుకోనివ్వండి, పాపం.

ఇప్పటి ప్రెసిడెంటుగారూ, సంచిక అందింది, చదివాను. వెనక వరసలో కొందరు తమ దారిన వైద్యం చేయించుకుని ఉంటారు, కొందరు పోయి ఉంటారు, మిగిలినవాళ్ళు మిగిలే ఉంటారు. వాళ్ళకి మాటిచ్చింది మీ క్లబ్బు, అది పలికింది నా గొంతు. నన్ను చేర్చుకుంటారో లేదో తర్వాత చెప్పండి. ఆ ఊరికి బండి ఏ ఆదివారం వెళుతుందో ముందు చెప్పండి. వెళ్ళదంటే వెళ్ళదనైనా చెప్పండి, నేనే వెళ్ళి ఆ మాట వాళ్ళకి చెప్పుకుంటాను. ఈ మంగళవారం సభ అయ్యేదాకా మీ మెట్ల దగ్గరే నిలబడి ఉంటాను. జవాబు చెప్పి కిందికి దిగండి.